యూనివర్సిటీలో ఉద్యోగికి పని నేర్పేదెవరు?

పోయిన నెల మా సెక్షన్‌కి ఒక సూపరింటెండెంట్ గారి రిటైర్మెంట్ ఫైలు వచ్చింది. పెన్షన్ ప్రపోజల్ తయారు చేసేముందు సర్వీస్ రిజిస్టర్‌ను మొదటి పేజీ నుంచి చూసుకోవాలి. ఎక్కడైనా ఒక ఇంక్రిమెంట్ ఎంట్రీ తప్పినా, ఏదో ఒక ఏడాది సర్వీస్ వెరిఫికేషన్ కింద సంతకం లేకపోయినా ఆడిట్ వాళ్లు ఫైలు వెనక్కి పంపుతారు, అప్పుడు పాపం ఆయన ఇంట్లో కూర్చుని మాకు ఫోన్లు చేసుకుంటూ ఉండాలి. అందుకని ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రెండు వాల్యూములూ తిరగేశాను. చేరిన తేదీ ఉంది, ప్రొబేషన్ డిక్లేర్ చేసిన ఉత్తర్వు ఉంది, ప్రతి పీఆర్సీకి జీతం ఎంత దగ్గర ఫిక్స్ చేశారో ఉంది, పెట్టిన సెలవులు, సరెండర్ చేసిన సెలవులు, ఎల్టీసీ వాడుకున్న ఏడాది, అన్నీ ఉన్నాయి. 33 ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఏదైనా నేర్చుకున్నట్టు చెప్పే ఎంట్రీ ఒక్కటే కనిపించింది, మూడు రోజుల కంప్యూటర్ శిక్షణ.

ఆయన ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. పాత మార్క్స్ మెమో చేతికిస్తే కాగితం తడిమి, సీరియల్ నంబర్ తీరు చూసి అది మా దగ్గర అచ్చయిందో బయట తయారైందో చెప్పేవారు. ఏ ఏడాది ఏ రెగ్యులేషన్ ఉండేది, అప్పట్లో ఫెయిలైనవాడికి ఇప్పుడు ఏ పేపరుకు బదులు ఏ పేపరు రాయిస్తారు, ఇదంతా ఆయన నోటి మీద ఉండేది. సర్వీస్ రిజిస్టర్‌లో ఇందులో ఒక్క ముక్క లేదు. నెలాఖరు రోజున శాలువా కప్పాం, ఫొటోలు దిగాం, ఆయనకు తెలిసిందంతా ఆయనతోపాటే గేటు దాటి వెళ్లిపోయింది. సోమవారం ఆ సీట్లోకి వచ్చిన అబ్బాయి మొదటి గంటలోనే నాకు ఫోన్ చేసి, మేడమ్, 1998 బ్యాచ్ వాళ్ల ఈక్వివలెన్స్ ఎక్కడ దొరుకుతుంది అని అడిగాడు.

నేను పంతొమ్మిదేళ్లుగా ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే, అంటే ఉద్యోగుల సెలవులు, ప్రమోషన్లు, పెన్షన్ ఫైళ్లు చూసే చోటే ఉన్నాను. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ రాయను, మిగతా చోట్ల ఉన్న స్నేహితులతో మాట్లాడితే అందరి కథా దాదాపు ఇదే. రెండేళ్ల కిందట మా గది బయట ఉన్న ఎస్టాబ్లిష్‌మెంట్ అనే బోర్డు తీసి హెచ్‌ఆర్ సెల్ అని పెట్టారు. బోర్డు మారినప్పటి నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. హెచ్‌ఆర్ అంటే మనుషుల సంగతి చూడటం కదా, మరి మేం చూస్తున్నది మనుషులనా, వాళ్ల తేదీలనా?

నేను పని నేర్చుకున్న తీరు చెప్పాలి ముందు. జూనియర్ అసిస్టెంట్‌గా చేరిన మొదటి రోజు నాకు ఎవరూ క్లాసు చెప్పలేదు. కానీ అప్పటి మా సెక్షన్ సూపరింటెండెంట్ గారు తన పక్కనే కుర్చీ వేయించి, వారం రోజులు నువ్వేం రాయొద్దమ్మా, వచ్చిన తపాలు చదువు, ఏది ఏ సీటుకు వెళ్తుందో చూడు అన్నారు. రెండో వారం నుంచి డ్రాఫ్టులు రాయించేవారు. నోట్ ఫైలులో ముందు జరిగింది రాయాలి, తర్వాత రూలు ఏం చెబుతోందో రాయాలి, ఇంతకుముందు ఇలాంటి కేసులో ఏం చేశామో రాయాలి, అప్పుడే నీ మాట రాయాలి అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నా డ్రాఫ్టు మీద ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చేవారు, దిద్దిన కాగితాన్ని పారేయకుండా ఇంటికి తీసుకెళ్లి మళ్లీ రాసుకునేదాన్ని. డిపార్ట్‌మెంటల్ టెస్టులకు కట్టమని వెంటపడింది కూడా ఆయనే. నాకు ఈ రోజు లీవ్ రూల్స్ మీద, పే ఫిక్సేషన్ మీద పట్టు ఉందంటే అది ఆ కుర్చీ చలవే.

ఆ కుర్చీ ఇప్పుడు లేదు. సంవత్సరాల తరబడి రెగ్యులర్ నియామకాలు జరగకపోవడంతో పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ మధ్య ఒక తరం మొత్తం ఖాళీ అయిపోయింది. నేర్పగలిగిన సూపరింటెండెంట్ దగ్గర రెండు మూడు సెక్షన్ల ఇన్‌చార్జి ఉంటుంది, ఆయనకు తల ఎత్తే తీరిక ఉండదు. నేర్చుకోవాల్సిన కుర్రాడు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చి ఉంటాడు, వచ్చే ఏడాది అతని కాంట్రాక్టు ఉంటుందో లేదో అతనికే తెలియదు. ఒకప్పుడు ఎవరూ ఆర్డరు ఇవ్వకుండానే జరిగిపోయిన పని, పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పడం, అది ఆగిపోయింది. ఆగిపోయిందని ఏ ఫైలులోనూ రాయలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అధ్యాపకుల సంగతి వేరు. వాళ్ల శిక్షణకు ఒక చరిత్ర ఉంది, అందులో మనవాళ్ల పాత్ర ఉంది, అది చాలామందికి గుర్తులేదు. 1985లో కేంద్రంలో విద్యాశాఖ పేరు మానవ వనరుల అభివృద్ధి శాఖగా మారినప్పుడు దానికి మొదటి మంత్రి మన పి.వి. నరసింహారావు గారు. 1986 జాతీయ విద్యా విధానం ఆయన హయాంలోనే వచ్చింది. నవోదయ పాఠశాలల గురించి చెప్పుకునేటప్పుడు ఆయన పేరు తలుస్తాం, కానీ అదే విధానం వెంట యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) మొదలుపెట్టిన అకడమిక్ స్టాఫ్ కాలేజీల గురించి ఎవరూ మాట్లాడరు. కాలేజీలో, యూనివర్సిటీలో పాఠం చెప్పేవాడికి బీఈడీ లాంటిదేమీ ఉండదు. ఎమ్మేనో ఎమ్మెస్సీనో పీహెచ్‌డీనో చేసి సరాసరి క్లాసులోకి వెళ్లిపోతాడు. సబ్జెక్టు తెలుసు, చెప్పడం ఎవరూ నేర్పలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ స్టాఫ్ కాలేజీలు. మన దగ్గర ఉస్మానియాలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, జేఎన్‌టీయూలో, ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి ఎస్వీయూలో ఇవి నడిచాయి. 2015లో వీటి పేరు హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్లు అయింది. 2020లో కేంద్రంలో శాఖ పేరు మళ్లీ విద్యాశాఖ అయింది, 2023లో ఈ సెంటర్లు మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లయ్యాయి. మానవ వనరులు అనే మాట ఢిల్లీలో బోర్డు దిగిపోయాక మా గది మీదికి ఎక్కిందన్నమాట.

పాత రోజుల్లో కొత్తగా చేరినవాళ్లకు పెట్టే ఓరియెంటేషన్ అంటే నాలుగు వారాలు, తర్వాత సబ్జెక్టుకు పదును పెట్టుకునే రిఫ్రెషర్ అంటే మూడు వారాలు. ఊరు వదిలి వెళ్లి గెస్ట్ హౌస్‌లో ఉండాలి. మా యూనివర్సిటీలో చరిత్ర చెప్పే ఒక మేడమ్ తన మొదటి ఓరియెంటేషన్ గురించి చెబుతుంటే ఎన్నిసార్లయినా వినాలనిపిస్తుంది. పగలు విన్న లెక్చర్లు సగం మర్చిపోయాను గానీ, రాత్రి మెస్‌లో భోజనం చేశాక ఫిజిక్స్ ఆయన, తెలుగు ఆయన, కామర్స్ ఆవిడ, అందరం కూర్చుని మీ క్లాసులో పిల్లలు ప్రశ్న అడగకపోతే మీరేం చేస్తారు, వెనక బెంచీ వాళ్లని ఎలా మాట్లాడిస్తారు అని ఒంటిగంట దాకా వాదించుకునేవాళ్లం, అక్కడ నేర్చుకున్నదే ఇప్పటికీ వాడుతున్నాను అంటారావిడ. ఇంట్లో చిన్నపిల్లాడిని అత్తగారి దగ్గర వదిలి వెళ్లిన ఆవిడకు ఆ నాలుగు వారాలు తేలిగ్గా గడవలేదు, అది కూడా చెప్పాలి. చాలామంది ఆడవాళ్లు పిల్లలు పెద్దయ్యేదాకా రిఫ్రెషర్ వాయిదా వేసుకుని, దానివల్ల ప్రమోషన్‌లో వెనకబడిపోయిన కేసులు నా చేతుల మీదుగా వెళ్లాయి. కరోనా తర్వాత కోర్సులు ఎక్కువగా ఆన్‌లైన్‌కి మారడం వాళ్లకు పెద్ద ఊరట. మెస్‌లో వాదన మాత్రం పోయింది.

ఇక కోర్సుకీ ప్రమోషన్‌కీ ముడి. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ అనే ప్రమోషన్ పథకం కింద అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతం లెవెల్ 10 నుంచి 11కి వెళ్లాలంటే 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, ఎంఫిల్ ఉంటే ఐదేళ్లు, రెండూ లేకపోతే ఆరేళ్లు సర్వీసు ఉండాలి, వాటితోపాటు ఓరియెంటేషన్, రిఫ్రెషర్ లాంటి కోర్సులు పూర్తి చేసి ఉండాలి. ఈ ముడి పెట్టిన వాళ్ల ఉద్దేశం మంచిదే, లేకపోతే చాలామంది వెళ్లేవాళ్లే కాదు. కానీ నా టేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది ఏమైందో చూడండి. ఎలిజిబిలిటీ తేదీ డిసెంబర్‌లో ఉంటుంది, సార్ సెప్టెంబర్‌లో పరుగెత్తుకొస్తారు, అమ్మా ఏదైనా రెండు వారాల కోర్సు ఉందా, సబ్జెక్టు ఏదైనా ఫర్వాలేదు అని. దొరికిన కోర్సు చేస్తారు. సర్టిఫికెట్ తెస్తారు. నేను అందులో చూసేది రోజులు ఎన్ని, ఇచ్చిన సంస్థకు గుర్తింపు ఉందా, గ్రేడు వేశారా, తేదీ గడువులోపల ఉందా, ఈ నాలుగే. ఆయన ఏం నేర్చుకున్నారో అడిగే గడి నా చెక్‌లిస్టులో లేదు, స్క్రూటినీ కమిటీ దగ్గరా లేదు. ఒకసారి ఒక గణితం సారు సర్టిఫికెట్‌లో రోజులు తక్కువ పడ్డాయని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆయన ఆ కోర్సులో నేర్చుకున్న పద్ధతితో క్లాసులో కొత్తగా ఏదో మొదలుపెట్టారని, పిల్లలు బాగా చెప్పుకుంటున్నారని నాకు తెలుసు. తెలిసీ వెనక్కి పంపాను. రూలు ప్రకారం అది సరైన పనే, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

యూజీసీ గురుదక్షత పేరుతో కొత్తగా చేరే అధ్యాపకులకు నెల రోజుల ఇండక్షన్ రూపొందించింది, మాలవీయ మిషన్‌లో ఎనిమిది అంశాల మీద కోర్సులు నడుస్తున్నాయి, స్వయం పోర్టల్‌లో అర్పిత్ అని 2018లో ఆన్‌లైన్ రిఫ్రెషర్ తెచ్చారు. అంటే కోర్సులకు కరువు లేదు. కరువంతా యూనివర్సిటీలో కూర్చుని ఫలానా డిపార్ట్‌మెంట్‌లో ఫలానా వాళ్లకు ఇప్పుడు ఏది అవసరం అని ఆలోచించే మనిషికే. ఆ మనిషి హెచ్‌ఆర్ సెల్‌లో ఉండాలి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది కాంట్రాక్ట్, గెస్ట్ లెక్చరర్ల పరిస్థితి. చాలా డిపార్ట్‌మెంట్లలో క్లాసుల బరువంతా వాళ్ల మీదే ఉంది, పదేళ్లు పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లున్నారు. వాళ్లకు కెరీర్ అడ్వాన్స్‌మెంట్ వర్తించదు కాబట్టి రిఫ్రెషర్‌కు పంపాలని ఎవరికీ తోచదు. వాళ్లంతట వాళ్లు వెళ్తామంటే ఆన్ డ్యూటీ ఇవ్వరు, గంటల లెక్కన పారితోషికం తీసుకునే గెస్ట్ లెక్చరర్ రెండు వారాలు కోర్సుకు వెళ్తే ఆ రెండు వారాల డబ్బు పోయినట్టే. మూడేళ్ల కిందట ఒక కాంట్రాక్ట్ లెక్చరర్ తనకు సీటు వచ్చిన కోర్సు లెటర్ పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. రూల్ పొజిషన్ చూశాను, వాళ్ల నియామక ఉత్తర్వుల్లో శిక్షణ మాటే లేదు. పైకి రాస్తే మూడు వారాల తర్వాత ఫైలు తిరిగొచ్చింది, ప్రొవిజన్ లేదు అని ఒక్క లైను. అప్పటికి కోర్సు మొదలై వారమైంది. ఆ అమ్మాయి దగ్గర చదివే పిల్లలు రెగ్యులర్ ప్రొఫెసర్ దగ్గర చదివే పిల్లలు కట్టిన ఫీజే కట్టారు కదా.

బోధనేతర సిబ్బందికి శిక్షణ అనే మాట మా క్యాంపస్‌లో గట్టిగా వినిపించింది న్యాక్, అంటే విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే సంస్థ, తనిఖీకి వచ్చిన ఏడాది. న్యాక్ ఆరో క్రైటీరియన్‌లో, అంటే పాలన, నాయకత్వం దగ్గర, సిబ్బంది కోసం ఎన్ని శిక్షణ కార్యక్రమాలు పెట్టారు, టీచింగ్‌కి ఎన్ని, నాన్ టీచింగ్‌కి ఎన్ని అని ఐదేళ్ల లెక్క అడిగారు. అప్పుడు అందరికీ మేం గుర్తొచ్చాం. ఆఫీస్ ప్రొసీజర్ మీద ఒక పూట వర్క్‌షాప్ పెట్టారు, బ్యానర్ కట్టారు, జియోట్యాగ్ ఫొటోలు తీశారు, హాజరు పట్టీ మీద సంతకాలు తీసుకున్నారు. ఫొటోల కోసమే పెట్టిన కార్యక్రమమని అందరికీ తెలుసు. అయినా ఆ రోజు జరిగింది నేను మర్చిపోలేను. రిటైరైన ఒక డిప్యూటీ రిజిస్ట్రార్ గారు మాట్లాడటానికి వచ్చారు, గంట చెప్పి దిగిపోదామనుకున్నారు. సెలవు రూల్స్ మీద మొదటి ప్రశ్న ఒక అటెండర్ అడిగాడు. తర్వాత ప్రసూతి సెలవు గురించి ఒకావిడ, మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లు ఎందుకు తిరిగొస్తోందని ఇంకొకాయన, చనిపోయిన ఉద్యోగి నామినేషన్ పాతదైతే ఏం చేయాలని నేను. భోజనాల టైము దాటిపోయింది, ఎవరూ లేవలేదు. అంత ఆకలి ఉంది మా వాళ్లలో నేర్చుకోవాలని. మళ్లీ అలాంటిది జరగలేదు, ఫొటోలు అప్‌లోడ్ అయిపోయాయి కాబట్టి.

ప్రభుత్వ ఉద్యోగుల శిక్షణ కోసం బాపట్లలో మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది, హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి సంస్థ ఉంది. కేంద్రం 2020లో మిషన్ కర్మయోగి తెచ్చి ఐగాట్ అనే ఆన్‌లైన్ శిక్షణ పోర్టల్‌లో కోర్సులు పెట్టింది. నాకు తెలిసి మా సెక్షన్‌లో ఒక్కరు కూడా వీటిలో ఎక్కడికీ వెళ్లలేదు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జూనియర్ అసిస్టెంట్ అంటే ఇటు పూర్తిగా ప్రభుత్వ ఉద్యోగీ కాదు, అటు అధ్యాపకుడూ కాదు, రెండు బస్సుల మధ్య స్టాండులో నిలబడ్డట్టుంటుంది.

దీనివల్ల నష్టపోయేది మేమే అయితే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు. కౌంటర్ దగ్గరికి వచ్చే పిల్లలు నష్టపోతున్నారు. ఒకసారి నేను ఎగ్జామ్ బ్రాంచి మీదుగా వెళ్తుంటే ఒక అబ్బాయి, తండ్రి నిలబడి ఉన్నారు. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారట ఒరిజినల్ డిగ్రీ కోసం, ఉద్యోగంలో వెరిఫికేషన్‌కి వారమే గడువు. కౌంటర్‌లో కుర్రాడు రేపు రండి అని గట్టిగా కసురుకుంటున్నాడు. నేను లోపలికి వెళ్లి అడిగితే అతని కళ్లల్లో నీళ్లు. ఆ సీట్లో వేసి పది రోజులైంది, తత్కాల్ కింద ఎవరికి ఇవ్వొచ్చు, ఎవరి సంతకం కావాలి, ప్రొవిజనల్ సర్టిఫికెట్ పోతే ఏం చేయాలి, ఇదేదీ అతనికి ఎవరూ చెప్పలేదు. తెలియదని చెబితే తిడతారని భయం, అందుకని రేపు రండి. ఆ తండ్రి దృష్టిలో యూనివర్సిటీ అంటే ఆ కసురుకున్న గొంతే. ఇరవై నిమిషాల్లో ఆ పని అయిపోయింది, ఎలా చేయాలో తెలిసిన ఒకావిడ పక్క గదిలోనే ఉంది.

కారుణ్య నియామకాల్లో వచ్చేవాళ్లని చూస్తే ఇంకా కడుపు తరుక్కుపోతుంది. మా దగ్గర పనిచేస్తూ పోయిన ఒక టైపిస్టు గారి భార్య, ఇంటర్ చదివి పెళ్లి చేసుకుని ఇరవై ఏళ్లు ఇంట్లోనే ఉన్న మనిషి, ఒకరోజు జూనియర్ అసిస్టెంట్‌గా చేరింది. కంప్యూటర్ పరీక్ష గడువులోగా పాసవ్వాలని ఉత్తర్వులో రాసి ఇచ్చాం, ఎలా పాసవ్వాలో ఎవరం చెప్పలేదు. మొదటి వారమంతా ఒక మూల కుర్చీలో చీర కొంగు పట్టుకుని కూర్చునేది, ఎవరైనా ఫైలు ఇస్తే చేతులు వణికేవి. ఒకరోజు బాత్‌రూమ్ దగ్గర ఏడుస్తూ కనిపించింది. అక్కా, నాకు చేతకాదు, ఆయన పరువు తీస్తున్నాను అంది. మా సూపరింటెండెంట్ గారు నాకు వేయించిన కుర్చీ గుర్తొచ్చింది. మర్నాటి నుంచి తన టేబుల్‌ని నా టేబుల్ పక్కకి జరిపించాను. మొదట తపాలు ఎంట్రీ, తర్వాత లీవ్ అకౌంట్లు, తర్వాత సాయంత్రం అరగంట కీబోర్డు. తెలుగు టైపింగ్ మా ఆఫీసులో డేటా ఎంట్రీ చేసే ఔట్‌సోర్సింగ్ అమ్మాయి నేర్పింది. ఎనిమిది నెలలకు పరీక్ష పాసైంది. ఇప్పుడు మా యూనివర్సిటీలో పెన్షన్ కాగితాలు ఆవిడ చూసినంత జాగ్రత్తగా ఇంకెవరూ చూడరు. భర్త పోయాక తను ఎన్ని కాగితాల కోసం ఎంత తిరిగిందో ఆవిడకు తెలుసు కదా.

ఆ నేర్పిన అమ్మాయి సంగతి కూడా రాయాలి. సెలవులు, జీతాలు, ఫైళ్లు అన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి మారాయి. ఢిల్లీ యూనివర్సిటీ తయారు చేసిన సమర్థ్ లాంటివి ఇప్పుడు దేశంలో చాలా విశ్వవిద్యాలయాల్లో నడుస్తున్నాయి. మా దగ్గర ఆన్‌లైన్ వచ్చిన రోజు కంపెనీ తరఫున ఒకాయన వచ్చి రెండు గంటల్లో నలభై స్క్రీన్లు చూపించి వెళ్లిపోయాడు. మా యాభై దాటినవాళ్లకి ఎంత టెన్షన్ అంటే, ఒక సీనియర్ అసిస్టెంట్ గారు వాలంటరీ రిటైర్మెంట్ కాగితం రాసి జేబులో పెట్టుకు తిరిగారు. లంచ్ టైములో తన డబ్బా పక్కన పెట్టుకుని, ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, అంకుల్, ఇక్కడ నొక్కండి, ఇప్పుడు సేవ్ చేయండి అంటూ నేర్పింది ఆ అమ్మాయే. నెల తిరిగేసరికి సెక్షన్ అంతా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తోంది. ఆ అమ్మాయికి ఒక ప్రశంసా పత్రమైనా ఇద్దామని ఫైలు పెట్టాను. మన రోల్స్‌లో లేదు, ఏజెన్సీ ఉద్యోగి, మనం ఇవ్వడానికి లేదు అని వెనక్కొచ్చింది. ఈ విషయంలో నా కోపం ఇంకా తగ్గలేదు.

ప్రైవేటు యూనివర్సిటీల్లో అయినా మెరుగా అని ఒక స్నేహితురాలిని అడిగాను, తను అక్కడ హెచ్‌ఆర్‌లో ఉంది. వాళ్లకు బడ్జెట్ ఉంది, సెమిస్టర్ మొదలయ్యేముందు ఎఫ్‌డీపీ, అంటే అధ్యాపకుల శిక్షణ, తప్పనిసరిగా ఉంటుంది, ఎవరు ఏ కోర్సు చేశారో స్క్రీన్ మీద కనిపిస్తుంది. కానీ అదే స్క్రీన్‌లో ఎవరు ఎన్ని అడ్మిషన్లు తెచ్చారో కూడా ఉంటుందని చెప్పింది. వేసవిలో శిక్షణకు వెళ్లాల్సిన లెక్చరర్లు ఊళ్లు తిరుగుతూ ఇంటర్ పిల్లల ఇళ్ల తలుపులు తడుతుంటారట.

మళ్లీ మా గది సంగతికి వస్తాను. బోర్డు మారిన తర్వాత రెండు పనులు మొదలుపెట్టాను, ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేనివి. ఒకటి, ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టాను. సర్వీస్ రిజిస్టర్‌లో చోటు లేనివి అందులో రాస్తున్నాను. ఎవరికి ఏం బాగా వచ్చు, ఎవరు ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు, ఎవరు ఎప్పుడు రిటైర్ అవుతున్నారు, వాళ్ల పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి. వచ్చే రెండేళ్లలో వెళ్లిపోయేవాళ్లు మా అడ్మినిస్ట్రేటివ్ బిల్డింగ్‌లోనే పదకొండు మంది ఉన్నారని రాసుకుంటూ పోతే గానీ నాకూ తెలియలేదు. ఒక్కొక్కరూ ఒక్కో అల్మారాతో సమానం. వాళ్లు వెళ్లడానికి కనీసం ఆరు నెలల ముందు ఆ సీటుకు రాబోయేవాళ్లని పక్కన వేయండని ఒక నోట్ రాసి రిజిస్ట్రార్ గారికి పెట్టాను. మనుషులు లేరు అనే జవాబు వస్తుందని తెలుసు, అందుకే రోజుకు ఒక్క గంట చాలని రాశాను. ముగ్గురి విషయంలో ఒప్పుకున్నారు.

రెండోది శుక్రవారం క్లాసు. మూడున్నర నుంచి నాలుగున్నర దాకా, పాత సెనేట్ హాలు పక్క గదిలో. బ్యానర్ లేదు, ఫొటోలు లేవు. అటెండర్ నుంచి అసిస్టెంట్ రిజిస్ట్రార్ దాకా ఎవరైనా రావచ్చు, రెగ్యులర్, కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ అని తేడా లేదు. వారానికి ఒకరు తమకు వచ్చిన పని చెబుతారు. డ్రాఫ్టు రాయడం, ఆర్టీఐ దరఖాస్తుకు జవాబు ఇవ్వడం, గడువు 30 రోజులంటే ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి, కౌంటర్ దగ్గర కోపంగా వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలి, డిజిలాకర్‌లో మార్కుల వివరాలు కనిపించకపోతే పిల్లలకు ఏం చెప్పాలి. మొదటి వారం తొమ్మిది మంది వచ్చారు. ఇప్పుడు కుర్చీలు చాలక పక్క గది నుంచి బల్లలు మోసుకొస్తున్నారు. ఇద్దరు కాంట్రాక్ట్ లెక్చరర్లు కూడా వస్తున్నారు, మా పాఠాల గురించి కూడా ఇలా కూర్చుని మాట్లాడుకుంటే బాగుండు అన్నారు. చరిత్ర మేడమ్‌తో మాట్లాడాను, ఆవిడ సరేనన్నారు, బుధవారం సాయంత్రాలు ఇస్తానన్నారు.

నాకు అధికారం లేని చోట అడగాల్సినవి అడుగుతూనే ఉన్నాను. కాంట్రాక్ట్ వాళ్ల నియామక ఉత్తర్వులోనే ఏడాదికి రెండు వారాలు శిక్షణకు ఆన్ డ్యూటీ అని ఒక లైను చేర్చాలని రాశాను. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ దరఖాస్తుతోపాటు, కోర్సులో నేర్చుకున్నది క్లాసులో ఎలా వాడారో ఒక పేజీ రాసివ్వమని అడిగితే బాగుంటుందని స్క్రూటినీ కమిటీ ముందు చెప్పాను, ఒక ప్రొఫెసర్ గారు ఇంకో కాగితం ఎందుకమ్మా అన్నారు. ఆయన్ని తప్పు పట్టను, ఇప్పటికే వాళ్లు నింపే ఫారాలు తక్కువేం కాదు. కాగితం వద్దంటే మాట్లాడించండి, ఇంటర్వ్యూలో ఐదు నిమిషాలు ఆ ముచ్చట అడగండి అన్నాను. చూద్దామన్నారు. కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ మొదటి వారం ఏ పనీ అప్పజెప్పకుండా సెక్షన్లన్నీ తిప్పి చూపించాలన్నది ఇంకో నోట్. అది ఇంకా పై టేబుళ్ల మీదే ఉంది, పదిహేను రోజులకోసారి వెళ్లి అడిగొస్తున్నాను.

రిటైరైన ఆ సూపరింటెండెంట్ గారికి పోయిన ఆదివారం ఫోన్ చేశాను. పెన్షన్ ఫైలు ఎంతవరకు వచ్చింది తల్లీ అన్నారు. ఆడిట్‌కి వెళ్లిందని చెప్పి, మా పిల్లలకు పాత మెమోలు ఎలా చూడాలో వచ్చి చెబుతారా సార్ అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్లలో నన్నెవరూ ఈ మాట అడగలేదమ్మా అన్నారు. వచ్చే శుక్రవారం వస్తున్నారు. 1998 బ్యాచ్ గురించి ఫోన్ చేసిన అబ్బాయికి ముందు వరసలో కుర్చీ పెట్టమని చెప్పాను, స్టోర్స్ నుంచి పాత రెగ్యులేషన్ పుస్తకాలు దింపించి దుమ్ము దులిపి ఉంచాం.